క్యాన్సర్ కణం ఆకారం, కదలిక, సైటోస్కెలిటన్: మళ్ళీ మళ్ళీ వచ్చే సందేహాలు

బెంగళూరులో యశ్వంతపురం, జక్కూరు, జీకేవీకే వైపు ఉన్న ల్యాబులకు ఏటా అనంతపురం, కర్నూలు, తిరుపతి నుంచి ఎమ్మెస్సీ విద్యార్థులు ప్రాజెక్టు కోసం వస్తుంటారు. క్యాన్సర్ కణాల కదలిక మీద పని మొదలుపెట్టిన తొలి నెలలో అందరూ ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతారు. చికిత్స కోసం ఇదే ఊరికి వచ్చిన కుటుంబాలు బయాప్సీ రిపోర్టు చేత్తో పట్టుకుని అడిగేవి మరికొన్ని. రెండింటినీ ఇక్కడే పెట్టాం. ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

సైటోస్కెలిటన్ అంటే కణానికి అస్థిపంజరమే కదా?

కణం ఆకారాన్ని నిలిపి, కదలికను నడిపే ప్రోటీన్ పోగుల అల్లికే సైటోస్కెలిటన్. పేరు అలా పడింది గానీ ఆ పోలికే చాలామందిని దారి తప్పిస్తుంది. ఎముక ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. కణంలోని ఈ పోగులు కట్టుకుంటూ, ఊడిపోతూ, మళ్ళీ కట్టుకుంటూ ఉంటాయి. పాకే కణం ముందంచులో ఉన్న యాక్టిన్ అనే ప్రోటీన్ పోగు నిమిషాల్లోనే మారిపోతుంది. ఇల్లు కట్టేచోట మేస్త్రీలు వేసే పరంజాతో పోల్చుకోండి: పని ఉన్నచోట లేస్తుంది, పని అయ్యాక విప్పేస్తారు, అవే గుంజలు ఇంకోచోటికి పోతాయి. క్యాన్సర్ కణం కొత్త గుంజలేమీ తెచ్చుకోదు. ఉన్నవాటినే వేళ కాని వేళ, చోటు కాని చోట నిలబెడుతుంది.

మూడు రకాల పోగులు అంటారు. తేడా ఏమిటి?

యాక్టిన్ పోగు మందం సుమారు 7 నానోమీటర్లు. 42 కిలోడాల్టన్ల యాక్టిన్ అణువులు ఒకదానికొకటి చేరి, పోగు ఒక్కో అణువుకు 2.7 నానోమీటర్ల చొప్పున పెరుగుతుంది. అంటే ఒక మైక్రోమీటరు పోగుకు దాదాపు 370 అణువులు. కణాన్ని ముందుకు నెట్టేది, బిగించేది ప్రధానంగా ఇదే.

మైక్రోట్యూబ్యూల్ 25 నానోమీటర్ల బోలు గొట్టం. ఆల్ఫా, బీటా ట్యూబులిన్ జంటలు వరుసలు కట్టి, సాధారణంగా 13 వరుసలు చుట్టూ కలిసి గొట్టమవుతాయి. కణ విభజనలో క్రోమోజోములను లాగేదీ, సరుకు మోయడానికి దారిగా ఉండేదీ ఇదే. పెరుగుతూ పెరుగుతూ ఉన్నట్టుండి కుప్పకూలడం దీని స్వభావం. మిచిసన్, కిర్ష్‌నర్ 1984లో దీన్ని చూపించారు.

ఇంటర్మీడియట్ ఫిలమెంట్లు సుమారు 10 నానోమీటర్లు. కెరాటిన్, వైమెంటిన్, డెస్మిన్, లామిన్ ఈ కుటుంబానివే. కొబ్బరి మోకులా పేనుకుని ఉంటాయి, లాగితే సాగుతాయి గానీ తొందరగా తెగవు. వీటికి ముందు వెనుకలు లేవు, కాబట్టి మోటారు ప్రోటీన్లు వీటి మీద నడవవు.

యాక్టిన్ ఎక్కువైతే క్యాన్సర్ వస్తుందా?

ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. రాదు. అసలు ప్రశ్నను "ఎంత" నుంచి "ఎక్కడ, ఎప్పుడు, ఏ అమరికలో" వైపు తిప్పాలి. మామూలు ఫైబ్రోబ్లాస్టులోనూ (కణజాలాన్ని అల్లే కణం), ట్రాన్స్‌ఫార్మ్ అయిన, అంటే క్యాన్సర్ లక్షణాలు తెచ్చుకున్న దానిలోనూ మొత్తం యాక్టిన్ ఇంచుమించు ఒకటే ఉండవచ్చు. మొదటి దానిలో అది కణం పొడవునా లావుపాటి కట్టలుగా, అంటే స్ట్రెస్ ఫైబర్లుగా ఉంటుంది. రెండో దానిలో ఆ కట్టలు కరిగి, అంచుల్లో ముడతలుగానో అడుగున చుక్కలుగానో కనిపిస్తుంది. ప్రోటీన్ ఎంతుందో చూపే వెస్టర్న్ బ్లాట్‌లో బ్యాండు ఒకేలా వస్తుంది, మైక్రోస్కోపు కింద రెండూ వేరు జాతుల్లా ఉంటాయి. అమరికను చూడకుండా మొత్తాన్ని కొలిస్తే ఈ రంగంలో సగం విషయం చేజారిపోతుంది.

## మామూలు కణం మారే దశ

కణం ట్రాన్స్‌ఫార్మ్ అయిందని ల్యాబులో ఎలా తేలుస్తారు?

ఆకారం చూసి కాదు. పక్క కణం తగిలినా పెరగడం ఆపకపోవడం, తక్కువ సీరంలోనూ (పెరుగుదల కోసం కలిపే రక్తద్రవం) బతకడం, పట్టు లేకుండా తేలుతూ పెరగడం అనేవి చూస్తారు. వీటిలో ఎక్కువగా నమ్మేది చివరిదే. దానికే సాఫ్ట్ అగార్ (మెత్తటి జెల్లీ) పరీక్ష.

6 గదుల ప్లేటులో అడుగున 0.6 శాతం అగార్ 1.5 మిల్లీలీటర్లు పోసి గడ్డకట్టనివ్వాలి. పైన 0.3 శాతం అగార్‌లో గదికి 5,000 నుంచి 10,000 కణాలు కలిపి పోయాలి. వారానికి రెండుసార్లు కొద్దిగా మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) చల్లుతూ 2 నుంచి 3 వారాలు ఉంచి, 0.005 శాతం క్రిస్టల్ వయొలెట్‌తో రంగు వేసి లెక్కపెట్టాలి.

చెడేది సాధారణంగా రెండుచోట్ల. అగార్ 42 డిగ్రీల కంటే వేడిగా ఉండగా కణాలు కలిపితే అవి అక్కడికక్కడే చస్తాయి. కణాలను సరిగా విడదీయకుండా పోస్తే మొదటి రోజు ఉన్న ముద్దలే మూడో వారంలో కాలనీలుగా లెక్కలోకి వస్తాయి. 40 మైక్రోమీటర్ల జల్లెడలోంచి వడకట్టండి, పోసిన రోజే ప్రతి గదికీ ఫొటో తీసి పెట్టుకోండి. ఆ ఫొటో లేకపోతే మీ లెక్కను మీరే సమర్థించుకోలేరు.

ఆకారం మారడం క్యాన్సర్‌కు కారణమా, ఫలితమా?

రెండూ. ఫలితం అనడానికి సూటి ఉదాహరణ వి-సార్క్. ఈ వైరస్ జన్యువు కణంలోకి వెళ్ళగానే దాని కైనేజు కార్టాక్టిన్, ఫ్యాక్ లాంటి ప్రోటీన్లకు ఫాస్ఫేటు తగిలిస్తుంది. యాక్టిన్‌ను బిగించే రో అనే స్విచ్ ప్రోటీన్ బలం తగ్గి స్ట్రెస్ ఫైబర్లు కరుగుతాయి, కణం గుండ్రబడుతుంది.

కారణం కూడా అనడానికి వెనక్కి తిప్పే ప్రయోగాలు ఉన్నాయి. పోగులను స్థిరంగా ఉంచే పెద్ద సైజు ట్రోపోమయోసిన్లు ట్రాన్స్‌ఫార్మ్ అయిన చాలా కణాల్లో తగ్గిపోతాయి. వాటిని తిరిగి చేర్చితే కొన్ని కణాల్లో స్ట్రెస్ ఫైబర్లు తిరిగి వచ్చాయి, సాఫ్ట్ అగార్‌లో పెరుగుదల తగ్గింది. దీని వెనకున్న ఒక దారి స్పష్టంగా తెలుసు. విడిగా ఉన్న యాక్టిన్ అణువులు ఎంఆర్‌టీఎఫ్ అనే ప్రోటీన్‌ను పట్టి ఉంచుతాయి. అవి పోగుల్లోకి వెళ్ళిపోయినప్పుడు ఎంఆర్‌టీఎఫ్ విడిపోయి కేంద్రకంలోకి వెళ్ళి జన్యువులను నడిపిస్తుంది. పోగుల లెక్కను కణం ఒక కబురుగా చదువుకుంటుంది.

సైటోస్కెలిటన్ జన్యువుల్లోనే మ్యుటేషన్లు ఉంటాయా?

ఉంటాయి. అయితే పోగును కట్టే జన్యువుల కంటే పోగుకు ఆజ్ఞ ఇచ్చేవాటిలోనే పేరున్నవి ఎక్కువ. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో, యాక్టిన్‌ను నడిపే ర్యాక్1 ప్రోటీన్‌లో 29వ స్థానంలో ప్రోలిన్ పోయి సెరిన్ రావడం 2012లో బయటపడింది. డిఫ్యూజ్ రకం జీర్ణాశయ క్యాన్సర్‌లో రోఏ మ్యుటేషన్లు 2014లో కనిపించాయి. ఎన్ఎఫ్2 జన్యువు తయారుచేసే మెర్లిన్, కణ పొరకూ యాక్టిన్‌కూ మధ్య ముడి లాంటిది. అది పోతే నరాల తొడుగులో ష్వానోమా, మెదడు పొరల్లో మెనింజియోమా వస్తాయి, ఊపిరితిత్తుల పొరలో వచ్చే మీసోథీలియోమాలోనూ అది తరచుగా పోయి ఉంటుంది. పెద్దపేగు క్యాన్సర్‌లో మొదట చెడే ఏపీసీ ప్రోటీన్‌కు పెరుగుదల కబురు మోసే బీటా-కాటెనిన్‌ను అదుపులో ఉంచడంతో పాటు మైక్రోట్యూబ్యూళ్ళను పట్టుకునే పని కూడా ఉంది.

సెంట్రోసోములు ఎక్కువైతే ఏమవుతుంది?

మైక్రోట్యూబ్యూళ్ళు మొలిచే కేంద్రం సెంట్రోసోము. విభజన వేళ రెండే ఉండాలి. మూడో నాలుగో ఉంటే క్రోమోజోములను పలు దిక్కులకు లాగుతాయి. క్యాన్సర్ కణాలు చాలాసార్లు అదనపు సెంట్రోసోములను రెండు గుంపులుగా చేర్చుకుని గండం గట్టెక్కుతాయి గానీ, ఆ తంటాలో ఒకటీ అరా క్రోమోజోము తప్పు వైపు పోతుంది. సెంట్రోసోముల తప్పిదానికీ గడ్డలకూ సంబంధం ఉండవచ్చని థియోడర్ బొవెరి 1914లోనే రాశాడు.

గడ్డ చేతికి గట్టిగా తగులుతుంది. ఆ గట్టిదనానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది, అదీ గట్టి సంబంధమే. ఎలుక మీద కొలిచినప్పుడు మామూలు రొమ్ము కణజాలం సుమారు 0.2 కిలోపాస్కల్, గడ్డ 4 కిలోపాస్కల్ వరకు వచ్చింది. కొల్లాజెన్ పేరుకుని, ఒకదానికొకటి అతుక్కోవడం దీనికి పెద్ద కారణం. కణం తన యాక్టిన్‌తో, దాన్ని లాగే మయోసిన్ మోటార్లతో చుట్టూ ఉన్నదాన్ని లాగి చూస్తుంది. లాగితే రాకపోతే స్ట్రెస్ ఫైబర్లు బిగుస్తాయి, యాప్ అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్ళి పెరుగుదల జన్యువులను లేపుతుంది.

ఇక్కడ ప్రయోగం చేసేవారు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. మన ప్లాస్టిక్ డిష్ గట్టిదనం గిగాపాస్కల్‌లలో ఉంటుంది, ఏ గడ్డా దాని దరిదాపులకు రాదు. డిష్ మీద కనిపించే దిట్టమైన స్ట్రెస్ ఫైబర్లలో కొంత భాగం ఆ ప్లాస్టిక్ చలవే. వీలైతే పాలీఅక్రిలమైడ్ మెత్తటి జెల్ మీద ఒక్కసారైనా చూడండి.

## కదలడం మొదలయ్యాక

కణం అసలు ఎలా పాకుతుంది?

ముందంచున ర్యాక్ అనే స్విచ్ పడితే వేవ్ ప్రోటీన్ల గుంపు ద్వారా ఆర్ప్2/3 లేస్తుంది. అది ఉన్న పోగు పక్కన దాదాపు 70 డిగ్రీల కోణంలో కొత్త కొమ్మ వేస్తుంది. కొమ్మల మీద కొమ్మలు వేసుకుని పలుచటి విసనకర్రలా పరచుకుంటుంది, అదే లామెలిపోడియం. ప్రొఫిలిన్ అణువులను అందిస్తుంది, కోఫిలిన్ వెనకబడ్డ పాత పోగులను తుంచి అణువులను తిరిగి ఇస్తుంది. సీడీసీ42 అనే ఇంకో స్విచ్ వేళ్ళలాంటి ఫిలోపోడియాలను చాపుతుంది, వాటిలో పోగులను కట్టగట్టేది ఫాసిన్. చాలా కార్సినోమాల్లో (పొరల కణాల్లో పుట్టే క్యాన్సర్లు) ఫాసిన్ పెరిగి ఉంటుంది.

ముందుకు చాపింది నిలవాలంటే పట్టు కావాలి. కణ పొరలోని ఇంటిగ్రిన్లు బయటి కొల్లాజెన్‌నో ఫైబ్రోనెక్టిన్‌నో పట్టుకుంటాయి, లోపల టాలిన్, విన్‌కులిన్ వాటిని యాక్టిన్‌కు కడతాయి. ఆపై రో, అది లేపే రాక్ అనే ఎంజైము దారిలో మయోసిన్ బిగిసి ఒళ్ళంతా ముందుకు లాగుతుంది, చివర తోక ఊడుతుంది. రో స్ట్రెస్ ఫైబర్లను, ర్యాక్ అంచు ముడతలను నడిపిస్తాయని రిడ్లీ, హాల్ 1992లో చూపించారు.

పట్టు మరీ తక్కువైతే కణం జారుతుంది, మరీ ఎక్కువైతే అతుక్కుపోతుంది. వేగం మధ్యలోనే ఎక్కువ. ఫైబ్రోనెక్టిన్ ఎక్కువ పూస్తే కదలిక ఎందుకు తగ్గిందని అడిగేవారికి జవాబు ఇదే.

ఈఎంటీ జరిగితేనే క్యాన్సర్ కణం కదులుతుందా?

కాదు. ఈఎంటీ అంటే పొరగా అతుక్కుని ఉండే (ఎపితీలియల్) కణం విడిగా పాకే (మెసెంకైమల్) కణంలా మారడం. అందులో స్నెయిల్, ట్విస్ట్, జెబ్1 లాంటి జన్యు నియంత్రకాలు లేచి, కణాలను అతికే ఈ-క్యాడ్హెరిన్‌ను తగ్గిస్తాయి. కణాల మధ్య అతుకు సడలుతుంది, కెరాటిన్ తగ్గి వైమెంటిన్ పెరుగుతుంది. పుస్తకాల్లో ఇదొక స్విచ్‌లా కనిపిస్తుంది గానీ గడ్డల్లో చాలా కణాలు మధ్యలో ఆగి ఉంటాయి, కెరాటిన్ కూడా ఉంటుంది, వైమెంటిన్ కూడా ఉంటుంది. పైగా చాలా కార్సినోమాలు ఈ-క్యాడ్హెరిన్‌ను వదలకుండానే గుంపుగా జరుగుతాయి. ముందున్న కొన్ని కణాలు దారి చేస్తే మిగతావి చేయి వదలకుండా వెంట వస్తాయి. ఎలుకల్లో రొమ్ము క్యాన్సర్ మీద చేసిన పనిలో, రక్తంలో తిరిగే కణాల గుంపులు అరుదుగా దొరికినా విడి కణాల కంటే చాలా ఎక్కువగా కొత్త గడ్డలు వేశాయి.

దారిలో కణజాలం అడ్డుంటే ఎలా దూరుతుంది?

రెండు ఉపాయాలు. ఒకటి కోసుకుంటూ పోవడం. కణం అడుగున యాక్టిన్ కార్టాక్టిన్, టీకేఎస్5లతో చేరి ఇన్వేడోపోడియా అనే మొలకలు వేస్తుంది. వాటి కొనకు ఎంటీ1-ఎంఎంపీ అనే ఎంజైము చేరి కొల్లాజెన్‌ను తెగ్గొడుతుంది. రెండోది నలుగుతూ దూరడం. గుండ్రంగా మారి, మయోసిన్ ఒత్తిడితో బుడగలు చాపుతూ సందుల్లోంచి జారుకుంటుంది. కోసే ఎంజైములను మందుతో ఆపితే కొన్ని కణాలు మొదటి పద్ధతి వదిలి రెండోదానికి మారిపోతాయని 2003లో వచ్చిన పని చూపించింది. ఎంఎంపీలను, అంటే ఈ కోసే ఎంజైములను, ఆపే మందులు క్లినికల్ ట్రయల్స్‌లో నిరాశపరచడానికి చెప్పే కారణాల్లో ఇదొకటి.

రెండో పద్ధతికి హద్దు కేంద్రకమే. అది కణంలో అన్నిటికంటే పెద్దది, బిగువైనది. ఎంజైములు లేనప్పుడు గడ్డ కణం కేంద్రకం దూరగల కనీస సందు సుమారు 7 చదరపు మైక్రోమీటర్లు, అంటే 3 మైక్రోమీటర్ల వ్యాసం. కేంద్రకం పొరకు ఆనుకుని ఉండే లామిన్ ఏ తక్కువ ఉంటే కేంద్రకం మెత్తబడి సులువుగా దూరుతుంది, కానీ పొర చిట్లి డీఎన్ఏ దెబ్బతినే ముప్పూ పెరుగుతుంది.

రక్తంలోకి దిగిన ప్రతి కణమూ ఇంకోచోట గడ్డ వేస్తుందా?

వేయదు. ఎలుకల్లోకి మెలనోమా కణాలు ఎక్కించి చూసిన 1970 నాటి ప్రయోగంలో గడ్డ వేసేదాకా మిగిలినవి 0.01 శాతం కంటే తక్కువ. కదలడం ఒక మెట్టు మాత్రమే. కదలిక పరీక్షలో నెగ్గిన కణం మెటాస్టాసిస్ (వేరే చోట గడ్డ) చేస్తుందని థీసిస్‌లో రాయకండి.

## ల్యాబులో

ఫాలాయిడిన్ వేశాను, ఏమీ కనిపించలేదు. ఎందుకు?

ఫాలాయిడిన్ అంటే యాక్టిన్ పోగుకు అంటుకుని వెలిగే రంగు. ముందు ఫిక్సింగ్ (కణాన్ని ఉన్నదున్నట్టు నిలిపేయడం) ఎలా చేశారో చూడండి. మిథనాల్‌తో ఫిక్స్ చేస్తే యాక్టిన్ పోగు రూపం చెడిపోయి ఫాలాయిడిన్ పట్టదు. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. అప్పుడే కలిపిన 4 శాతం పారాఫార్మాల్డిహైడ్, పీహెచ్ 7.4, 10 నుంచి 15 నిమిషాలు. తర్వాత పొరకు రంధ్రాలు చేసే 0.1 శాతం ట్రైటాన్ 5 నిమిషాలు, ఎందుకంటే ఫాలాయిడిన్ చెక్కుచెదరని పొరను సులువుగా దాటదు. 1 శాతం బీఎస్ఏలో (అల్బుమిన్ ప్రోటీన్) కలిపిన ఫాలాయిడిన్ 20 నుంచి 30 నిమిషాలు, చీకట్లో. స్లైడు వేసిన రెండు మూడు రోజుల్లో ఫొటోలు తీసేయండి, రోజులు గడిచేకొద్దీ వెలుగు తగ్గుతుంది. ఇది విషపు పుట్టగొడుగు నుంచి వచ్చిన పదార్థం, గ్లవ్స్ లేకుండా ముట్టవద్దు.

మైక్రోట్యూబ్యూళ్ళు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. యాంటీబాడీ చెడిందా?

యాంటీబాడీని అనకముందు పీబీఎస్ (కణాలు కడిగే ఉప్పు బఫరు) సీసాను ముట్టుకుని చూడండి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పీబీఎస్‌తో కడిగితే మైక్రోట్యూబ్యూళ్ళు నిమిషాల్లో విడిపోతాయి. డిసెంబరులో బెంగళూరు ల్యాబు బల్ల మీద 20 డిగ్రీల దగ్గర ప్లేటు పదిహేను నిమిషాలు పెట్టినా పలచబడతాయి. కడిగే బఫరును, ఫిక్సరును 37 డిగ్రీలకు వెచ్చబెట్టి, ఇంక్యుబేటర్ నుంచి తీసిన వెంటనే పోయండి. క్యాల్షియం కూడా వీటికి పడదు. అందుకే 80 మిల్లీమోలార్ పైప్స్, 1 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడు, క్యాల్షియంను పట్టేసే ఈజీటీఏ 1 మిల్లీమోలార్, పీహెచ్ 6.8 ఉన్న బఫరు వాడతారు. మైనస్ 20 డిగ్రీల మిథనాల్‌లో 5 నిమిషాల ఫిక్సింగ్ వీటికి బాగానే పనిచేస్తుంది. అది చల్లనిదే అయినా పోగులు విడిపోయేలోపు ప్రోటీన్లను గడ్డకట్టిస్తుంది. ఒకే స్లైడు మీద యాక్టిన్ కూడా కావాలంటే మాత్రం మిథనాల్ పనికిరాదు.

వెస్టర్న్‌లో బీటా-యాక్టిన్ కంట్రోల్ పెడితే గైడ్ వద్దన్నారు. అందరూ అదే పెడతారు కదా?

అన్ని నమూనాల్లో ప్రోటీన్ సమానంగా వేశామని చూపే, మారకూడని కొలబద్దే ఈ కంట్రోల్. ఇంకో అంశం మీద అయితే పెట్టండి. మీరు యాక్టిన్‌నే కదిలిస్తున్నారు, మందు వేసి పోగులు విప్పుతున్నారు, ఎంఆర్‌టీఎఫ్ దారిలో యాక్టిన్ జన్యువే పెరగవచ్చు. కొలబద్దే సాగుతుంటే గుడ్డను ఎలా కొలుస్తాం? మెంబ్రేన్ మొత్తం మీద టోటల్ ప్రోటీన్ రంగు వేయడం మేలు, అది లేకపోతే జీఏపీడీహెచ్ అనే ప్రోటీన్.

నా స్క్రాచ్ 24 గంటల్లో మూసుకుపోయింది. కణాలు బాగా కదిలినట్టేనా?

కణాల పరుపులో గీత గీసి, అది ఎంతసేపటికి మూసుకుంటుందో చూసే పరీక్ష ఇది. లెక్క వేయండి. 500 మైక్రోమీటర్ల గీత అయితే ఒక్కో వైపు 250 దాటాలి. నిమిషానికి 0.5 మైక్రోమీటరు వేగంతో తిన్నగా వస్తే 500 నిమిషాలు, అంటే ఎనిమిది గంటల పైచిలుకు. 24 గంటలు తీసుకుందంటే అందులో కొంత విభజన వాటా ఉండవచ్చు. సీరం 0.5 నుంచి 1 శాతానికి తగ్గించి, 6, 12 గంటల దగ్గరే కొలిచి చూపండి. మైటోమైసిన్ సీ మైక్రోగ్రాముల్లో రెండు గంటలు వేసి విభజన ఆపేవారూ ఉన్నారు, కానీ అది కణాలకు విషం. ముందు మీ కణాలు ఎంత తట్టుకుంటాయో చూసుకోవాలి.

గీత 200 మైక్రోలీటర్ల టిప్‌తో ఒకే ఒత్తిడితో, ఒకే కోణంలో లాగాలి. గట్టిగా లాగితే అడుగున పూసిన కొల్లాజెన్ కూడా లేచిపోయి కణాలకు దారి ఉండదు. ఊడిన కణాలను రెండుసార్లు కడగండి, లేకపోతే అవే గీత మధ్యలో అతుక్కుని మూసుకుపోయినట్టు కనిపిస్తాయి. ప్లేటు అడుగున మార్కరుతో గుర్తు పెట్టి ప్రతిసారీ అదే చోట ఫొటో తీయండి. ఒకచోట వెడల్పు కాదు, ఖాళీ విస్తీర్ణం కొలవండి.

ట్రాన్స్‌వెల్‌లో మ్యాట్రిజెల్ ప్రతిసారీ ఒక్కోలా వస్తోంది. ఏం చేయాలి?

ట్రాన్స్‌వెల్ అంటే అడుగున రంధ్రాల పొర ఉన్న చిన్న గిన్నె (ఇన్సర్టు), ఆ పొర మీద పూసే ప్రోటీన్ జెల్ మ్యాట్రిజెల్. అది 10 డిగ్రీలు దాటితే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ఏప్రిల్‌లో చెన్నైలో ఏసీ లేని గదిలో అయితే టిప్‌లోనే గడ్డ కడుతుంది. ముందురోజు రాత్రి ఐసు మీద పెట్టి 4 డిగ్రీల గదిలో కరగనివ్వండి. టిప్పులు, ట్యూబులు, ఇన్సర్టు ప్లేటు కూడా చల్లబరచండి. సీసా తెరవగానే చిన్న భాగాలుగా పంచి మైనస్ 20లో పెట్టండి, కరిగించిన దాన్ని మళ్ళీ గడ్డకట్టించవద్దు. లాటు మారితే ప్రోటీన్ మోతాదూ మారుతుంది, కాబట్టి మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూసి కలపండి, "ఒకటికి మూడు" అని కాదు.

24 గదుల సైజుకు 8 మైక్రోమీటర్ల రంధ్రాల ఇన్సర్టు తీసుకోండి. పైన సీరం లేని మీడియం 200 మైక్రోలీటర్లలో 50,000 నుంచి 1,00,000 కణాలు, కింద 10 శాతం సీరంతో 600 మైక్రోలీటర్లు. ఇన్సర్టు దించేటప్పుడు కింద బుడగ చిక్కితే ఆ భాగంలో ఒక్క కణమూ దాటదు. చివర పైభాగాన్ని దూదిపుల్లతో తుడవడం సరిగా లేకపోతే దాటని కణాలను దాటినవిగా లెక్కపెడతారు. మ్యాట్రిజెల్ లేని ఇన్సర్టులు కూడా పక్కన తప్పక పెట్టాలి.

నొకొడజోల్ వేస్తే మైక్రోట్యూబ్యూళ్ళు పోయాయి సరే, స్ట్రెస్ ఫైబర్లు ఎందుకు పెరిగాయి? తప్పు చేశానా?

తప్పేమీ లేదు. మైక్రోట్యూబ్యూళ్ళ మీద జీఈఎఫ్-హెచ్1 అనే ప్రోటీన్ కట్టేసి ఉంటుంది. గొట్టాలు విడిపోగానే అది బయటపడి రోను లేపుతుంది, రో లేస్తే యాక్టిన్ బిగుస్తుంది. మూడు వ్యవస్థలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయనడానికి ఇంతకంటే సులువైన ప్రయోగం లేదు. 10 మైక్రోమోలార్ వై-27632తో రాక్‌ను ఆపి మళ్ళీ చూడండి, ఫైబర్లు రావు. మయోసిన్‌ను ఆపే బ్లెబిస్టాటిన్ వాడితే మాత్రం నీలి వెలుగు కింద అది చెడి కణానికి విషమవుతుంది, ఎర్ర వైపు రంగుతో ఫొటోలు తీయండి. ప్రతి మందుకూ అంతే డీఎంఎస్ఓ (మందును కరిగించే ద్రవం) వేసిన కంట్రోల్ ఉండాలి.

ఏ సెల్ లైన్‌తో మొదలుపెట్టాలి?

సెల్ లైన్ అంటే ల్యాబులో తరతరాలుగా పెంచుకుంటూ వచ్చే కణాలు. పోల్చడానికి జంట కావాలంటే రొమ్ము క్యాన్సర్ లైన్లు ఎంసీఎఫ్-7, ఎండీఏ-ఎంబీ-231. మొదటిదానిలో ఈ-క్యాడ్హెరిన్, కెరాటిన్ నిండుగా ఉండి గుంపులుగా పెరుగుతుంది. రెండోది వైమెంటిన్‌తో సన్నగా సాగి విడివిడిగా పాకుతుంది. పక్క ల్యాబు ఫ్లాస్కు కంటే పుణేలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం (ఎన్‌సీసీఎస్) నుంచి తెప్పించుకోవడం నయం. ఎండీఏ-ఎంబీ-435 అనే లైన్‌ను ఏళ్ళ తరబడి రొమ్ము క్యాన్సర్ అనుకుని వాడారు. తీరా చూస్తే అది ఎం14 అనే మెలనోమా లైన్. లైన్ ఏదో తేల్చే ఎస్‌టీఆర్ డీఎన్ఏ పరీక్ష, మైకోప్లాస్మా అనే బాక్టీరియా సోకిందేమో చూసే పరీక్ష చేయించకుండా నెలల పని పెట్టకండి.

## రిపోర్టు, మందులు

అమ్మ బయాప్సీ రిపోర్టులో "వైమెంటిన్ పాజిటివ్" అని ఉంది. పాకిపోయిందనా?

కాదు. వైమెంటిన్ అనేది కణం ఏ జాతిదో చెప్పడానికి చూసే గుర్తుల్లో ఒకటి. రక్తనాళాల్లో, ఫైబ్రోబ్లాస్టుల్లో అది ఎప్పుడూ ఉంటుంది. కిడ్నీ క్లియర్ సెల్ రకంలో, గర్భాశయపు ఎండోమెట్రియోయిడ్ రకంలో పాజిటివ్ రావడం మామూలే. ఇంటర్నెట్‌లో "వైమెంటిన్ అంటే ఈఎంటీ, ఈఎంటీ అంటే వ్యాప్తి" అని చదివి రాత్రంతా ఏడ్చేవారున్నారు. ఒక్క పాజిటివ్‌తో ఆ మాట చెప్పలేరు. ఎంతవరకు వెళ్ళిందో స్కాన్లు, లింఫ్ గ్రంథుల పరీక్షలు చెబుతాయి. "ఇది ఏ స్టేజి?" అని డాక్టరు గారినే సూటిగా అడగండి.

సీకే7, సీకే20, డెస్మిన్, జీఎఫ్ఏపీ అని వరుసగా రాశారు. ఇవన్నీ ఏమిటి?

అన్నీ ఇంటర్మీడియట్ ఫిలమెంట్లే, సీకే అంటే సైటోకెరాటిన్. కణం మారినా పుట్టింటి గుర్తును చాలావరకు వదలదు, పాథాలజిస్టు దాన్ని పట్టుకుంటారు. కెరాటిన్ ఉంటే సాధారణంగా కార్సినోమా, డెస్మిన్ ఉంటే కండర జాతి, జీఎఫ్ఏపీ ఉంటే మెదడులోని గ్లియల్ జాతి. పెద్దపేగు క్యాన్సర్‌లో ఎక్కువగా సీకే20 పాజిటివ్, సీకే7 నెగటివ్. ఊపిరితిత్తుల అడినోకార్సినోమాలో ఎక్కువగా దానికి తిరగేసి. మినహాయింపులు ఉంటాయి కాబట్టే ఒకటి కాకుండా ఒక వరుస పరీక్షలు వేస్తారు.

యాక్టిన్‌ను ఆపేస్తే కణం కదలదు కదా, అలాంటి మందు ఎందుకు లేదు?

గుండె, కండరాలు, తెల్ల రక్తకణాలు అన్నీ అదే యాక్టిన్ కుటుంబం మీద నడుస్తాయి. సైటోచలాసిన్, లాట్రంక్యులిన్ డిష్‌లో అద్భుతంగా పనిచేస్తాయి, మనిషికి ఇవ్వలేం. ఆజ్ఞ ఇచ్చేవాటిని ఆపడం కొంత నయం. రాక్‌ను ఆపే ఫాసుడిల్‌ను జపాన్‌లో 1995లో మెదడు రక్తనాళాలు బిగుసుకుపోయే జబ్బుకు అనుమతించారు, క్యాన్సర్‌కు కాదు. ఇంకో ఇబ్బంది కొలతది. ట్రయల్‌లో మందు పనిచేసిందా అంటే గడ్డ చిన్నదైందా అని చూస్తారు. కదలికను మాత్రమే ఆపే మందు గడ్డను చిన్నది చేయదు, దాని ఫలితం చూడాలంటే ఏళ్ళు పడుతుంది.

పాక్లిటాక్సెల్ ఎక్కించాక అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. మందుకూ దీనికీ ఏమిటి సంబంధం?

పాక్లిటాక్సెల్ మైక్రోట్యూబ్యూళ్ళను విడిపోనివ్వకుండా బిగిస్తుంది. పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి తీసిన దీని నిర్మాణం 1971లో, పనిచేసే తీరు 1979లో తెలిశాయి. విభజించే కణానికి పోగులు పెరగడం, విడిపోవడం రెండూ కావాలి, అందుకే అది ఆగిపోతుంది. కానీ వెన్ను నుంచి కాలివేలి దాకా మీటరు పొడవుండే నరం కూడా తన సరుకును ఈ గొట్టాల మీదనే పంపుకోవాలి. అందుకే తిమ్మిరి ముందుగా వేళ్ళ చివర్లలో మొదలవుతుంది. ఓర్చుకుని ఊరుకోకండి. చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైనా, చెప్పు జారిపోయినా తెలియకపోయినా తర్వాతి డోసుకు ముందే చెప్పండి. మోతాదు తగ్గించడమో వాయిదా వేయడమో చేస్తారు.

విన్‌క్రిస్టిన్ బిళ్ళగన్నేరు నుంచే వస్తుందట. ఇంట్లో ఉన్న చెట్టు ఆకుల కషాయం తాగించవచ్చా?

వద్దు. విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ ఆ మొక్క నుంచే వచ్చాయన్నది నిజం. ట్యూబులిన్ జంటలను పట్టుకుని గొట్టం కట్టుకోనివ్వవు. కానీ ఆకులో విన్‌క్రిస్టిన్ ఎంత తక్కువంటే, టన్నుల కొద్దీ ఎండుటాకు నుంచి గ్రాముల లెక్కన తీస్తారు. మందుగా ఇచ్చేదాని కొలత చదరపు మీటరు ఒంటికి 1.4 మిల్లీగ్రాములు, పెద్దవారికి సాధారణంగా ఒక డోసులో 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. సిరలోకి మాత్రమే ఇవ్వాలి, వెన్నులోకి పోతే ప్రాణం పోతుంది. ఇంత సన్నటి హద్దు ఉన్న పదార్థం కషాయంలో ఎంత వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఆ ఆకులో పదుల కొద్దీ ఇతర ఆల్కలాయిడ్లు ఉన్నాయి, కొన్ని చక్కెరను, రక్తపోటును పడేస్తాయి. ఇప్పటికే తాగించి ఉంటే దాచకుండా ఎప్పుడు, ఎంత తాగించారో కీమో నర్సుకు చెప్పండి.